టి.నగర్ మేడ మీది ఆదివారం తరగతి: పిల్లలకు ఒప్పించి రాయడం నేర్పే చోటు

నేను చెన్నైలో ఒక బీమా సంస్థలో పనిచేస్తున్నాను. తిరస్కరించిన క్లెయిములను మళ్ళీ పరిశీలించమని ఖాతాదారులు రాసే ఉత్తరాలను చదివి, వాటి మీద నా అభిప్రాయం రాసి పైకి పంపడం నా పని. పదహారేళ్ళుగా రోజుకు ముప్ఫై, నలభై ఉత్తరాలు నా బల్ల మీదికి వస్తున్నాయి. వాటిలో న్యాయం ఉన్నవి చాలానే ఉంటాయి గానీ, ఆ న్యాయం చదివేవారికి అందేలా రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మూడు పేజీల పాటు మమ్మల్ని తిట్టి, ఆస్పత్రిలో చేరిన తేదీ రాయడం మరచిపోయినవారు ఎందరో ఉన్నారు. ప్లస్ వన్ (పదకొండో తరగతి) చదువుతున్న మా అమ్మాయి బడి కోసం రాసే వ్యాసాలు చూసినప్పుడల్లా నాకు ఆ ఉత్తరాలే గుర్తుకొచ్చేవి. ప్రతి వ్యాసమూ ‘నేటి ఆధునిక యుగంలో’ అని మొదలై, ‘కాబట్టి మనమందరం పాటుపడాలి’ అని ముగుస్తుంది. ఎవరు, దేనికి, ఎందుకు పాటుపడాలో మధ్యలో ఎక్కడా ఉండదు.

అందుకే, పాండీ బజారు వెనక వీధిలో ఒక రిటైరైన లెక్చరర్ల జంట పిల్లలకు వాదన, ఒప్పించే రచన నేర్పుతున్నారని మా బంధువుల ద్వారా తెలిసినప్పుడు, ఆలోచించకుండా పేరు రాయించాను. పది ఆదివారాలు, పూటకు రెండున్నర గంటలు, ఫీజు నాలుగు వేల ఐదు వందలు. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ మొదటి ఏడాది వరకు పిల్లలను తీసుకుంటారు. మా అమ్మాయి జట్టులో పద్నాలుగు మంది ఉన్నారు. తరగతికి పేరు లేదు, బోర్డు లేదు. గదిలో పదహారు కుర్చీలకు మించి పట్టవని, చిరునామా ఎక్కడా రాయవద్దని వాళ్ళు కోరారు కాబట్టి నేనూ రాయడం లేదు. అయినా ఈ సమీక్ష రాయడానికి కారణం, ఇలాంటి తరగతిలో ఏం ఉండాలో, ఏం అడిగి చేర్చాలో తెలుసుకోవాలనుకునే తెలుగు తల్లిదండ్రులు ఈ ఊళ్ళో నాలాంటివారు చాలామంది ఉండడమే. పెద్దవాళ్ళు వెనక వరుసలో కూర్చోవడానికి అభ్యంతరం లేదు. నేను ఏడు తరగతులు కూర్చున్నాను.

ఇంతకు ముందు ఒక ఆన్‌లైన్ సంస్థ దగ్గర ఇలాంటి పాఠానికే డబ్బు కట్టి మోసపోయాను. ‘ఇంకా రెండే సీట్లు’ అని తెర మీద ఎర్ర అక్షరాలు, పక్కన తరిగిపోతున్న గడియారం చూసి ఆ రాత్రికి రాత్రే డబ్బు కట్టాను. మర్నాడు చూస్తే గడియారం మళ్ళీ మొదటి నుంచి తిరుగుతోంది, సీట్లూ రెండే ఉన్నాయి. ఈ సంగతి ఇక్కడి మాస్టారికి చెబితే ఆయన నవ్వి, ‘వాళ్ళు మీకు పాఠం చెప్పినట్టే గదమ్మా, ఫీజు ఎక్కువ తీసుకున్నారంతే’ అన్నారు. తరువాతి వారం ఆ గడియారాన్నే పిల్లలకు అభ్యాసంగా ఇచ్చారు: కారణం చెప్పి ఒప్పించడానికీ, ఆలోచించే వ్యవధి లేకుండా చేసి ఒప్పించడానికీ తేడా ఏమిటో పది వాక్యాల్లో రాయమన్నారు.

మాస్టారు తెలుగు చెప్పినవారు, అలంకారశాస్త్రం, తర్కం చదువుకున్నవారు. ఆయన భార్య ఇంగ్లీషు లెక్చరర్. పాఠం తెలుగులోనే సాగుతుంది. ఈ రాష్ట్రంలో 2006లో వచ్చిన చట్టం వల్ల మన పిల్లలు బడిలో తమిళం చదువుకుంటారు, మిగిలినవన్నీ ఇంగ్లీషులో చదువుతారు. తెలుగు ఇంట్లో మాట్లాడడానికే మిగిలింది. అందువల్ల పిల్లలు ఏ భాషలోనైనా రాయవచ్చని, కానీ ఎందుకలా రాశారో మాత్రం తెలుగులో చెప్పాలని నియమం పెట్టారు. మొదట్లో తడబడినా, నాలుగో వారానికి ‘హేతువు’ (కారణం), ‘ప్రతిజ్ఞ’ (నిరూపించదలచిన మాట) అనే మాటలు మా అమ్మాయి నోట పాలు, పెరుగు అన్నంత మామూలుగా వచ్చేశాయి.

మొదటి రోజు పాఠమంతా ‘ఎవరికి?’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. మీ ఊళ్ళో, వీధిలో, ఇంట్లో మారాలనుకునేది ఒకటి ఎంచుకుని, దాన్ని మార్చగలిగిన మనిషికి ఉత్తరం రాయమన్నారు. మా అమ్మాయి మా అపార్ట్‌మెంటులోని ఇంకుడు గుంతల సంగతి తీసుకుంది. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాన నీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటు తప్పనిసరి. మా భవనంలోనూ రెండు గుంతలున్నాయి, కానీ అవి మట్టి, ఆకులతో పూడిపోయి ఏళ్ళైంది. వేసవిలో బోరు ఎండిపోతే వారానికి రెండు లారీల నీళ్ళు కొంటాము. మా అమ్మాయి మొదటి ఉత్తరంలో కొంత భాగం ఇది:

‘మూడేళ్ళుగా మన ఇంకుడు గుంతలను ఎవరూ శుభ్రం చేయించలేదు. దీనికి బాధ్యులెవరు? నీటి లారీలకు మన డబ్బు నీళ్ళలా ఖర్చవుతోంది. అసోసియేషన్ చూపిన ఈ నిర్లక్ష్యం క్షమించరానిది.’

చదవగానే నాకు బాగుందనిపించింది, నిజం చెప్పాలి. మాస్టారు కాగితం మీద ఒక్క మాటా కొట్టివేయలేదు. ‘ఇది ఎవరు చదువుతారు?’ అన్నారు. ‘సెక్రెటరీ అంకుల్’ అంది. ‘నిర్లక్ష్యం ఎవరిది?’ ‘ఆయనదే.’ ‘అంటే నేరస్థుణ్ణే న్యాయమూర్తిగా కూర్చోబెట్టి, నువ్వు దోషివని తీర్పు చెప్పు అని అడుగుతున్నావన్నమాట.’ పిల్లలందరూ నవ్వారు గానీ, ఆ తరువాత ఆయన చెప్పింది నేను పదహారేళ్ళ ఉద్యోగంలో అనుభవించి కూడా పేరు పెట్టలేకపోయిన విషయం. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో వక్తృత్వం మీద రాసిన గ్రంథంలో ప్రసంగాలను మూడు రకాలుగా విడదీశాడు. జరిగిపోయినదాని మీద తప్పొప్పులు తేల్చేది న్యాయస్థానంలో చేసే వాదన. ఇకముందు ఏం చేయాలో, ఏది మేలో తేల్చేది సభలో చేసే ఆలోచన. ఇప్పుడున్నదాన్ని మెచ్చుకోవడమో నిందించడమో చేసేది ఉత్సవ ప్రసంగం. మొదటిది గతానికి, రెండవది భవిష్యత్తుకు, మూడవది వర్తమానానికి చెందుతాయి. మా అమ్మాయికి కావలసింది గుంతలు శుభ్రం కావడం, అంటే రేపటి పని. అది రాసింది మాత్రం నిన్నటి మీద ఫిర్యాదు. నా బల్ల మీదికి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఈ గుంతలోనే పడతాయి. క్లెయిమును మళ్ళీ చూడమని అడగవలసినవారు మా సంస్థ పుట్టుపూర్వోత్తరాలను తవ్వి తీర్పు చెబుతారు, ఆ తీర్పును అమలు చేయమని మమ్మల్నే కోరతారు.

దానికి తోడుగా మన శాస్త్రంలోని విభాగాన్నీ చెప్పారు. మాట మూడు విధాలుగా పనిచేస్తుందని ఆలంకారికులు అన్నారు: రాజు ఆజ్ఞాపించినట్టు చెప్పేది ప్రభుసమ్మితం, స్నేహితుడు నచ్చజెప్పినట్టు చెప్పేది మిత్రసమ్మితం, ప్రియురాలు మనసు కరిగించినట్టు చెప్పేది కాంతాసమ్మితం. వేదం, పురాణం, కావ్యం వరుసగా వీటికి ఉదాహరణలు. పదహారేళ్ళ పిల్ల డెబ్బై ఏళ్ళ సెక్రెటరీకి రాసే ఉత్తరంలో ప్రభుసమ్మితం పనికిరాదని మా అమ్మాయికి అప్పుడు అర్థమైంది. 2003 నాటి నిబంధనను ఉత్తరంలో పెట్టాలా వద్దా అని ఆ రోజు అరగంట చర్చ జరిగింది. నిబంధన చెబితే బెదిరింపు అవుతుందని కొందరు, చెప్పకపోతే బలం తగ్గుతుందని కొందరు అన్నారు. చివరికి, ‘ఇది మనం ఎలాగూ చేయవలసినదే’ అన్న ఒక చిన్న వాక్యంగా, ఉత్తరం చివర పెడితే చాలని తేల్చారు.

చరిత్ర పాఠం ఒక్క పూటలో ముగిసింది, అంతే చాలు కూడా. సిసిలీ ద్వీపంలోని సిరాక్యూస్ నగరంలో నిరంకుశ పాలకులు కూలిపోయాక, వాళ్ళు లాక్కున్న భూముల కోసం జనం కోర్టులకు ఎక్కారని, వాళ్ళ వాదనలు చక్కబెట్టే విద్యగా క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దంలో వక్తృత్వం మొదలైందని సంప్రదాయం చెబుతుంది. దీని తొలి గురువు పేరు కొరాక్స్, గ్రీకులో కాకి అని అర్థం. శిష్యుడు టిసియాస్ ఫీజు ఎగ్గొడితే గురువు కోర్టుకు లాగాడట. నేను గెలిస్తే తీర్పు ప్రకారం ఇవ్వనక్కరలేదు, ఓడితే నువ్వు సరిగా నేర్పనట్టే కాబట్టి ఇవ్వనక్కరలేదు అని శిష్యుడు వాదించాడట. ‘చెడ్డ కాకికి చెడ్డ గుడ్డు’ అని న్యాయమూర్తులు ఇద్దరినీ బయటికి తరిమారని కథ. ఇక్కడ ఫీజు మొదటి ఆదివారమే పూర్తిగా తీసుకోవడం వెనక ఈ కథే ఉందేమో అని మేమంతా నవ్వుకున్నాము. ప్లేటోకు ఈ విద్య మీద నమ్మకం లేదని, దాన్ని వంటతో పోల్చాడని మేడమ్ గారు చెప్పారు. పిల్లల ముందు వైద్యుడినీ వంటవాడినీ పోటీకి నిలబెడితే చేదు మందిచ్చే వైద్యుడు పస్తుండాల్సిందేనట.

ఈ తరగతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది మన ప్రాచీన తర్కమైన న్యాయశాస్త్రంలోని పంచావయవ వాక్యాన్ని రచనకు వాడుకున్న తీరు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే ఐదు అంగాలు. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ ఉంది. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి అక్కడ నిప్పు ఉంది. ఇది చెప్పగానే ముందు వరుసలోని ఒక అబ్బాయి, ‘మా వంటింట్లో గ్యాసు పొయ్యి మాస్టారూ, నిప్పు ఉంటుంది గానీ పొగ ఉండదు’ అన్నాడు. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. మాస్టారు మాత్రం ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు లేచి నిలబడ్డారు. ప్రాచీనులకు గ్యాసు పొయ్యి లేదు గానీ, ఎర్రగా కాలిన ఇనుప గుండు ఉంది. అందులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. ఈ ఉదాహరణను వాళ్ళే ఇచ్చారని చెప్పారు. పొగ ఉంటే నిప్పు ఉండి తీరుతుంది, నిప్పు ఉన్నంత మాత్రాన పొగ ఉండనక్కరలేదు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే వాదన కూలిపోతుంది. ‘కష్టపడినవాళ్ళే ర్యాంకు తెచ్చుకుంటారు, కాబట్టి ర్యాంకు రానివాడు కష్టపడలేదు’ అన్న మాటలో తప్పెక్కడుందో కనిపెట్టమని ఇంటికి పంపారు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం చల్లారిపోయింది.

ఉదాహరణ గురించి చెప్పినదీ ఇంతే లోతుగా ఉంది. లోకం తెలిసిన మామూలు మనిషీ, పరీక్షించి చూసే పండితుడూ ఏ విషయంలో ఒకేలా తలూపుతారో అదే దృష్టాంతమని న్యాయసూత్రం చెబుతుంది. అంటే ఉదాహరణ నాకు నచ్చితే చాలదు, ఎదుటివాడు దాన్ని కాదనలేనిదై ఉండాలి. మా అమ్మాయి రెండో ఉత్తరంలో 2019 వేసవిని ఉదాహరణగా పెట్టింది. ఆ ఏడాది పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు దాదాపు ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి రైలు వాగన్లలో నీళ్ళు తెచ్చారు. ఇది చెన్నైలో ఎవరూ మరచిపోలేదు. అయితే మాస్టారు దాన్ని ఒప్పుకోలేదు. ‘కరవు వచ్చిందని అందరూ ఒప్పుకుంటారు. గుంతలో పూడిక తీస్తే బోరులో నీళ్ళు ఉంటాయనడానికి అది సాక్ష్యం ఎలా అవుతుంది? నీ ఉదాహరణలో పొగ ఎక్కడ, నిప్పు ఎక్కడ?’ అని అడిగారు. రెండు రోజులు తిరిగి, మా ఎదురు భవనం వాచ్‌మన్‌తో మాట్లాడి, అది ఉత్తరాన్ని ఇలా మార్చింది:

‘అక్టోబరులో వానలు మొదలయ్యేలోగా మన రెండు ఇంకుడు గుంతల పూడిక తీయించాలని కోరుతున్నాము. పూడిక వల్ల మేడ మీది వాన నీరు గుంతలోకి దిగక వీధి కాలువలోకి పోతోంది. ఎదురు భవనంవారు నిరుడు సెప్టెంబరులో పూడిక తీయించాక, ఈ వేసవిలో వాళ్ళు ఒక్క లారీ కూడా తెప్పించలేదు. మనదీ అదే వీధి, అదే నేల, బోరు లోతు కూడా ఇంచుమించు అంతే. అందుచేత ఈ పని సెప్టెంబరులోనే చేయిస్తే వచ్చే వేసవికి లారీల ఖర్చు తగ్గుతుంది.’

ఐదు వాక్యాలు, ఐదు అంగాలు. ‘మనదీ అదే వీధి’ అన్న నాలుగో వాక్యం లేకుండా చదివి చూడండి, ఉత్తరం ఎంత వదులైపోతుందో తెలుస్తుంది. పిల్లలు ఎక్కువగా వదిలేసేది ఈ ఉపనయాన్నే. ఎక్కడో జరిగినదాన్ని చెప్పి, దానికీ మనకూ సంబంధం ఏమిటో చెప్పరు. 1958లో స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తాత్వికుడు ఆధారానికీ నిర్ణయానికీ మధ్య ఉండే వంతెనను విడిగా చూపించాడని మేడమ్ గారు అదే రోజు చెప్పారు. తూర్పు, పడమరలను ఇలా ఒకే ఉత్తరం మీద పెట్టి చూపించడం ఆ దంపతులు కలిసి చెప్పబట్టే సాధ్యమైంది.

ఇంకొక అబ్బాయి, చెన్నై దాహం తీరుస్తున్న తెలుగు గంగకు ఈ ఊరు కృతజ్ఞతగా ఉండాలని ఆవేశంగా రాశాడు. 1983 ఒప్పందం, కండలేరు నుంచి పూండికి కృష్ణ నీళ్ళు రావడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఎవరికి రాశాడో, చదివినవారు ఏం చేయాలో లేదు. కృష్ణ నీళ్ళు వదులుకున్నది ఆంధ్రప్రదేశ్ ఒక్కటే కాదని, మహారాష్ట్ర, కర్ణాటక కూడా తలా ఐదు టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయని మేడమ్ గారు గుర్తుచేశారు. సగం నిజం చెప్పిన వాదనకు మిగతా సగం ఎదురైన రోజున, అందులోని నిజమైన సగానికీ విలువ పోతుందన్నారు. ఆ అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ, మరుసటి వారం మూడు రాష్ట్రాల పేర్లతో తిరగరాసి తెచ్చాడు.

సమయం గురించిన పాఠం చిన్నదే అయినా మరచిపోలేనిది. తగిన అదనును గ్రీకులు కైరోస్ అన్నారు. ఎప్పటికి ఏది తగునో అప్పటికి ఆ మాట ఆడాలని మన శతకకారుడు చెప్పింది కూడా అదే కదా. ఈ ఉత్తరాన్ని మే నెలలో ఇస్తే అందరూ అవునంటారు, కానీ చెన్నైకి అసలు వానలు ఈశాన్య ఋతుపవనంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. అప్పటికి మళ్ళీ ఆకులు నిండుతాయి, మాటా మరుగున పడుతుంది. ఆగస్టు మధ్యలో ఇస్తే లారీ బిల్లుల బాధ ఇంకా మరవరు, వానలూ దగ్గర పడుతుంటాయి. ఆ లెక్కతోనే ఇచ్చాము.

సామెతల మీద జరిగిన అరగంట నాకు బాగా నచ్చింది. పిల్లలకు సామెత వేస్తే వాదన గెలిచినట్టే అనిపిస్తుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అని ఒకరు అనగానే ‘నిదానమే ప్రధానం’ అని ఇంకొకరితో అనిపించారు. రెండూ నిజమే అయినప్పుడు ఏదీ సాక్ష్యం కాదు. సామెత వినేవాడి మనసును కాస్త మెత్తబరుస్తుంది, అంతకు మించి దాని చేత పని చేయించకూడదు. అలంకారాలనూ ఇదే చూపుతో చెప్పారు. మనం పరీక్ష కోసం బట్టీ పట్టిన అర్థాంతరన్యాసం నిజానికి ఒక వాదన పద్ధతి అని, ప్రత్యేకాన్ని సామాన్యంతో, సామాన్యాన్ని ప్రత్యేకంతో బలపరచడమే దాని పని అని నాకు ఈ వయసులో తెలిసింది.

వాదం, జల్పం, వితండం గురించిన తరగతి గోలగోలగా సాగింది. నిజం తేల్చుకోవడానికి మాట్లాడేది వాదం, గెలవడానికి మాట్లాడేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిని కూల్చడానికే మాట్లాడేది వితండం. టీవీలో రాత్రి తొమ్మిది గంటల చర్చ ఒకటి చూసి, ఎవరు ఏది చేస్తున్నారో గుర్తు పెట్టమన్నారు; వాదం కింద పిల్లలెవరూ ఒక్క గీత కూడా పెట్టలేకపోయారు.

ఇక లోపాల సంగతి. మొదటిది, పెద్దది: ఇక్కడ హేతువుకు ఇచ్చినంత చోటు మనసుకు ఇవ్వరు. అరిస్టాటిల్ చెప్పిన మూడు ఆధారాలు, అంటే చెప్పేవాడి నడవడి మీద నమ్మకమైన ఈథోస్, వినేవారిలో కలిగే భావమైన పాథోస్, మాటలోని తర్కమైన లోగోస్, మూడింటినీ పరిచయం చేశారు. కానీ అదే గ్రంథంలో రెండో భాగంలో దాదాపు మొదటి సగాన్ని కోపం, భయం, జాలి వంటి భావాలు ఎవరి మీద, ఎప్పుడు, ఎందుకు కలుగుతాయో వివరించడానికే కేటాయించగా, ఇక్కడ ఆ విషయం ఒక ఆదివారంలో చివరి అరగంటకు కుదించారు. ఆ అరగంటలోనూ జాగ్రత్తలే ఎక్కువ. మా అమ్మాయి ఉత్తరంలో, 2019లో వాళ్ళ తాతగారు లారీ దగ్గర వరుసలో నిలబడి బిందెలు మోసుకుంటూ మూడో అంతస్తుకు ఎక్కారని, రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోతే సెక్రెటరీ గారే ఆ బిందె అందుకుని పైకి తెచ్చారని ఒక వాక్యం ఉండేది. జరిగిన విషయమే అది. ‘ఇది హేతువు కాదు’ అని మాస్టారు కొట్టివేశారు.

నేను దీన్ని ఒప్పుకోను. నా బల్ల మీదికి ఒకసారి వచ్చిన ఉత్తరంలో తేదీలు, బిల్లులు, డిశ్చార్జి పత్రం అన్నీ వరుసగా ఉన్నాయి. చివర ఒక్క వాక్యం, భర్తను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున ఆటో అతను డబ్బులు తీసుకోలేదని. నేను ఆ ఫైలును సాయంత్రం దాకా ఆపకుండా వెంటనే పైకి పంపాను. నిబంధన మారలేదు, నా చేయి వేగం మారింది. కారణాలన్నీ చెప్పిన తరువాత, జరిగిన ఒక చిన్న విషయాన్ని ఉన్నదున్నట్టు చెబితే అది ఏడుపు కాదు, మోసం అంతకంటే కాదు. పైగా తాతగారి వాక్యంలో సెక్రెటరీ గారి మంచితనం కూడా ఉంది. ఆయన మీద ఫిర్యాదుతో మొదలైన ఉత్తరానికి అంతకంటే మంచి పరిహారం దొరకదు.

రెండో లోపం, దిద్దుబాటు తక్కువ. పది వారాల్లో ఒక్కొక్కరి రచన పూర్తిగా దిద్ది ఇచ్చింది మూడు సార్లే. పద్నాలుగు మందికి ఇద్దరు గురువులున్నప్పుడు ఇంకొంచెం ఆశించడం తప్పు కాదు. సిసిరో కాలం నుంచి రోమన్లు చెప్పిన ఐదు అంగాలలో విషయాన్ని వెతకడం, అమర్చడం బాగా జరిగాయి. శైలి పైపైన తాకి వదిలారు. గుర్తుంచుకునే ధారణ, పలికే తీరైన వాచికం రెండింటినీ ఒకే పూటలో ముగించారు. ఆ పూటలో కిష్కింధకాండలో హనుమంతుడి తొలి పలుకులు విని రాముడు లక్ష్మణుడితో చెప్పిన మెప్పును వివరించిన తీరు మాత్రం అద్భుతం: మాట సాగదీయలేదు, సందేహం మిగల్చలేదు, నాన్చలేదు, తొందరపడలేదు, ముఖంలో, కళ్ళలో, కనుబొమల్లో ఎక్కడా వికారం కనిపించలేదు. సభలో నిలబడి మాట్లాడవలసిన పిల్లలకు దీని మీద నాలుగు వారాల సాధన చేయించవచ్చు. జిరాక్సు నోట్సులో అచ్చు తప్పులున్నాయి. మేడ గది ఒంటి గంటకు వేడెక్కిపోతుంది, ఫ్యాను ఒక్కటే. నీళ్ళ సీసా తప్పకుండా ఇచ్చి పంపండి. మాంబళం స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళవచ్చు. ఆదివారం రంగనాథన్ వీధి జనంలోంచి నడవడానికి మాత్రం ఇరవై నిమిషాలు అదనంగా వేసుకోవాలి.

ఉత్తరం ఏమైందని అడుగుతారేమో. మా సెక్రెటరీ గారు తమిళులు కాబట్టి, అమ్మాయి తన బడి తమిళంలో శుభ్రంగా తిరగరాసి స్వయంగా ఇచ్చింది. ఆయన చదివి, ‘సరేనమ్మా, ఎవరిని పిలవాలి, ఎంతవుతుంది?’ అన్నారట. ఆ రెండింటికీ దాని దగ్గర జవాబు లేదు. ఎదుటివాడు ఏమంటాడో ముందే ఊహించి జవాబు సిద్ధం చేసుకోవడాన్ని పూర్వపక్షం పేరుతో ఆరో వారంలో నేర్పారు. మా అమ్మాయి ‘ఆయన వద్దంటారు’ అన్నదానికే సిద్ధపడింది గానీ, ‘సరే’ అంటే ఏం చేయాలో ఆలోచించలేదు. ఎదురు భవనం వాచ్‌మన్ చెప్పిన పనివాళ్ళను అడిగి, ఖర్చు లెక్క ఒక కాగితం మీద రాసి మళ్ళీ ఇచ్చింది. సెప్టెంబరు మొదటి వారం సమావేశంలో ఒక గుంతకు ఒప్పుకున్నారు, రెండోది వచ్చే ఏటికి వాయిదా వేశారు.

వాక్యం తప్పుల్లేకుండా రాయడం వచ్చి, ఏం చెప్పాలో తెలిసి, ఎలా చెబితే వింటారో తెలియని పిల్లలకు ఈ తరగతి ఫీజుకు మించి ఇస్తుంది. మాట్లాడే పోటీల్లో బహుమతి కోసం పంపేవారికి, భాషే ఇంకా తడబడే చిన్నవాళ్ళకు ఇది తగదు. మా అబ్బాయి ఇప్పుడు ఏడో తరగతి, రెండేళ్ళాగి పంపుతాను.

పాథోస్‌కు కనీసం రెండు ఆదివారాలు ఇవ్వాలని కోరుతూ ఆ దంపతులకు నేనూ ఒక ఉత్తరం రాశాను. నాలుగు రోజులకు మాస్టారు పెన్సిలుతో గుర్తులు పెట్టి తిప్పి పంపారు: ‘ప్రతిజ్ఞ స్పష్టం. హేతువు ఉంది. ఉదాహరణ లేదు.’ తాతగారి బిందె వాక్యాన్నీ, ఆటో డబ్బుల వాక్యాన్నీ చేర్చి మళ్ళీ పంపాను. ఇంకా జవాబు రాలేదు.